బాగున్నామని చెప్పిన శుక్రవారం

కువైట్‌లో షువైఖ్ అనే చోట గ్యారేజీలు, టైర్ల దుకాణాలు, గోదాములు దాటి లోపలికి పోతే కిటికీలు లేని ఒక పెద్ద తెల్లటి కట్టడం ఉంటుంది. దాని మీద పేరు కూడా పెద్దగా రాయలేదు. అందులో మనుషులకంటే మిషన్లు ఎక్కువ. కృత్రిమ మేధ అని పేపర్లో రాస్తారే, అది నడిచేది ఇలాంటి మిషన్ల మీదే అంటారు. ఆ హాళ్ళలో నేల తుడవడం నా ఉద్యోగం. ఇళ్ళలో పనిచేసిన రోజుల్లో తుడిచినట్టు తుడిస్తే ఇక్కడ ఒప్పుకోరు. గుమ్మం దగ్గర జిగురు చాప మీద కాళ్ళు అద్దాలి, బూట్లకు తొడుగులు వేసుకోవాలి, నీళ్ళ బకెట్టు లోపలికి తేకూడదు, పోగులు రాలని గుడ్డతోనే తుడవాలి. ఒక వరసలో నిలబడితే చలికి పళ్ళు కొట్టుకుంటాయి, పక్క వరసలోకి పోతే మిషన్ల వీపుల నుంచి వేడిగాలి కొడుతుంది. బయట ఎండ మాడ్చేస్తుంటే నేను యూనిఫాం లోపల స్వెట్టరు వేసుకొని పనిచేస్తాను. ఈ సంగతి చెబితే మా రూములో మొదట ఎవరూ నమ్మలేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆ చలి కూడా కాదు, బ్యాటరీల గది. బీరువాల్లాంటి పెట్టెలు గోడ పొడుగునా నిలబెట్టి ఉంటాయి. ఊళ్ళో కరెంటు పోయినా లోపల ఒక్క దీపం కూడా అల్లాడకూడదని వాటిని పెట్టారు. అవి కాసేపు భారం మోస్తే, ఈలోగా వెనక వైపు జనరేటర్లు లేస్తాయి. అప్పుడప్పుడూ కరెంటు పోయినట్టు చేసి వాటిని పరీక్షిస్తారు. ఆ రోజు ఇంజనీర్ల మొహాలు చూడాలి, పురిటి గది బయట నిలబడ్డ మొగుళ్ళు కూడా అంత కంగారుపడరు. ఆ గదిలో బ్యాటరీల మీద వేలితో రాస్తే దుమ్ము అంటకూడదు. నేను తుడిచాక ఎప్పుడూ అంటలేదు.

సాయంత్రం బస్సు దిగి ఫర్వానియాలో నడుస్తుంటే ఆ చలి నా ఒంట్లోంచి పోవడానికి రెండు సందులు చాలు. మా రూము పాత బిల్డింగులో, మెట్లెక్కేసరికి కాళ్ళు పీకే అంతస్తులో ఉంటుంది. రూము అంటే గొప్పగా ఊహించుకోవద్దు. ఇళ్ళలో పనిచేసే మా కడప, రాయచోటి వైపు ఆడవాళ్ళకు వారానికి ఒక పూట సెలవు దొరికితే పోయి తల దాచుకోవడానికి ఒక చోటు కావాలి. అందుకని కొంతమంది కలిసి బాడుగ వేసుకొని ఒక గది పట్టుకుంటారు. శుక్రవారం అందరూ వస్తారు. వండుకుంటారు, తలలు దువ్వుకుంటారు, ఊరికి ఫోన్లు చేసుకుంటారు, ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, పొద్దుగూకే వేళకు ఎవరి మామా ఇంటికి వాళ్ళు పోతారు. పనిచేసే ఇంటి యజమానురాలిని మేము మామా అని పిలుస్తాం. ఒంట్లో బాగాలేనివాళ్ళు, ఒక ఇల్లు వదిలి ఇంకొకటి దొరకనివాళ్ళు మిగతా వారమంతా కూడా రూములోనే ఉంటారు. నాకు ఇంటిపని వీసా పోయి కంపెనీ వీసా వచ్చాక, కంపెనీ ఇచ్చిన మంచం వద్దనుకొని నేనూ అక్కడే ఉండిపోయాను. అక్కడ ఉండడానికి నాకున్న ఒకే ఒక్క కారణం పెద్దమ్మ.

ఆమె నాకు చుట్టం కాదు. మా ఊరి నుంచి బస్సెక్కితే వచ్చే పల్లె, అంతే. నేను వచ్చిన కొత్తలో మొదటి శుక్రవారం ఆ రూము బాత్రూంలో గడియ పెట్టుకొని ఏడుస్తుంటే తలుపు కొట్టి, బయటికి లాగి, ముందర అన్నం తినమే తర్వాత ఏడుద్దువు అన్న మనిషి ఆమె. అందరికీ ఆమె పెద్దమ్మే. సల్వాలో ఒకే ఇంట్లో, ఒక ముసలి మామా దగ్గర, వయసంతా చేసింది. ఆ మామా పోయాక కూతురు ఇంటి పెత్తనం తీసుకుంది. అప్పటికే పెద్దమ్మకు ఆయాసం పట్టుకుంది. బాత్రూములు కడిగే మందుల ఘాటో, ఆ ఇంట్లో పొద్దూ మాపూ వేసే ధూపమో, ఈ ఊరి దుమ్మో, ఏదని డాక్టర్లు తేల్చలేదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి అన్నారు. చిన్న మామా చెడ్డ మనిషి అని నేను అనను. ఇఖామా తన పేరు మీదే ఉంచి, కుదుటపడేదాకా మీవాళ్ళ దగ్గర ఉండు అని పంపింది. ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి. అది ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళు పిలిచినప్పుడు పోవాలి.

మా కింది అంతస్తులో గోదావరి వైపు నుంచి వచ్చిన నర్సమ్మ ఒకావిడ ఉంటుంది. ఇక్కడ చర్చి కూడా శుక్రవారమే కాబట్టి ఆమె తెల్లచీర కట్టుకొని పోతూ పోతూ మా రూములో తొంగిచూసి, పెద్దమ్మ నాడి పట్టుకొని పోయేది. ఎవరో ముసలాయన కాలం చేసిన ఇంట్లో అడిగి, వాళ్ళు మూలన పడేసిన ఆక్సిజన్ మిషను ఒకటి తెచ్చిపెట్టింది. గాలిలోంచి ఆక్సిజన్ లాగి ముక్కు గొట్టంలోకి పంపుతుంది. ప్లగ్గులో ఉన్నంతసేపే నడుస్తుంది. ఊరికి పంపేద్దామని మేమంటే నర్సమ్మ వద్దంది.

"ఇప్పుడు ఎక్కిస్తే దారిలోనే ఏమన్నా అయిపోద్దండి. ఈ ఎండాకాలం ఒక్కటీ దాటించేద్దాం. గది చల్లగా ఉండాలి, ఆ మిషను ఆగకుండా ఉండాలి. కాస్త తేరుకున్నాక విమానంలో ఆక్సిజన్ పెట్టించి పంపేద్దురుగాని."

ఎండాకాలం దాటించాలి. ఆ యేడు మా రూములో అందరి నోట అదే మాట. వంట చేసుకుంటూ అదే, బట్టలు ఆరేసుకుంటూ అదే.

మా ఏసీ కిటికీలో బిగించిన పాతది. నడిచినప్పుడు బిల్డింగంతా దడదడలాడేది, నడవనప్పుడు మేము దడదడలాడేవాళ్ళం. దానికి తోడు కరెంటు. కువైట్‌లో కరెంటు పోతుందని మేము వచ్చిన కొత్తలో ఎవరన్నా చెప్పి ఉంటే నవ్వేవాళ్ళం. ఊళ్ళో కరెంటు పోతే ఫోన్ చేసి మాకు ఆ బాధ లేదు లెమ్మని గొప్పలు పోయినవాళ్ళమే. ఈ మధ్య ఎండాకాలాల్లో ఏ ప్రాంతానికి ఏ మధ్యాహ్నం కరెంటు తీస్తారో ముందుగానే ఫోన్లలోకి వస్తోంది. ఏసీల వాడకం పెరిగిందంటారు, పవర్ ప్లాంట్లు చాలవంటారు. మా మిషన్ల హాళ్ళ వల్లనే పోతోందని నేను చెప్పలేను, నాకు తెలియదు. కానీ పెద్దమ్మ ముక్కు గొట్టంలో గాలి ఆగిపోయిన మధ్యాహ్నాలు నేను స్వెట్టరు వేసుకొని బ్యాటరీలు తుడుస్తూ ఉండేదాన్ని. ఫోను లాకర్లో ఉండేది కాబట్టి సాయంత్రం దాకా ఏ సంగతీ తెలిసేది కాదు.

అలాంటి రోజుల్లోనే మేము అన్నం తినే గదిలో ఒక పోస్టరు అంటించారు. కొత్త హాలు కడుతున్నారు కదా, దానితోపాటు చుట్టుపక్కల ప్రజల మేలు కోసం ఒక నిధి పెట్టారట. బడులు, క్లబ్బులు, మహిళా బృందాలు, రిజిస్టరు కాని గుంపులు కూడా అడగవచ్చట. నేను అదంతా ఫోటో తీసుకొచ్చి రూములో చదివి వినిపించాను. పెద్దమ్మ గొట్టం సర్దుకొని, "మనం చుట్టుపక్కలోళ్ళమేనా పాపా? మనల్ని ఎవురన్నా అట్లనుకుంటారా?" అని అడిగింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఒక్క బస్సు దూరంలో ఉండేవాళ్ళం చుట్టుపక్కలవాళ్ళం కాకపోతే ఇంకెవరు, చంద్రుడి మీద ఉండేవాళ్ళా అన్నాను. ఆమె నవ్వింది. నవ్వితే దగ్గు వస్తుంది కాబట్టి సగంలో ఆపేసింది.

నర్సమ్మ కూర్చొని ఇంగ్లీషులో రాసింది, నేను పక్కన కూర్చొని చెప్పాను. మంచి ఏసీ ఒకటి, కరెంటు పోతే ఆక్సిజన్ మిషను ఆగకుండా నడిపే బ్యాటరీ ఒకటి. ఇంకేమీ అడగలేదు. పరుపులు కూడా అడుగుదామని ఎవరో అంటే, ఆశకు హద్దుండాలి అని పెద్దమ్మే కోప్పడింది. రాసిందంతా నిజమే రాశాం. ఒక పెద్దావిడ ఊపిరి ఈ రెండిటి మీద ఆధారపడి ఉందని నర్సమ్మ రాసిన వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది. పంపాక, ఇంత పెద్ద కంపెనీకి ఇది ఒక లెక్కా అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను.

కొన్నాళ్ళకు ఫోన్ వచ్చింది. మా గురించి చదివారట, వచ్చి చూస్తారట. మాకు సెలవు ఆ రోజే కాబట్టి, వాళ్ళకు కూడా సెలవైనా సరే, శుక్రవారమే వస్తామన్నారు. అంత మర్యాదగా మాట్లాడేసరికి మాకు సగం పని అయిపోయినట్టే అనిపించింది. అక్కడే మేము దెబ్బతిన్నాం.

మర్యాద చూపిన వాళ్ళకు మర్యాద చేయాలి. పెద్దమ్మ ఆ మాట అన్నాక ఇంక రూములో మనుషులు మనుషులుగా లేరు. గోడలకు సున్నం కొట్టడానికి టైము లేదని రంగు కాగితాలు అంటించారు. ఎదురు ఫ్లాటులో ఉండే తమిళవాళ్ళను అడిగి సోఫా తెచ్చారు. కింద బ్యూటీ పార్లరు అమ్మాయిని బతిమాలి, నిలువుగా నిలబెట్టే ఏసీ ఒకటి ఆ ఒక్క పూటకు పైకి మోసుకొచ్చారు. పరుపులన్నీ చుట్టి టెర్రస్ మీద పెట్టారు. ఎండుతున్న బట్టలు మాయం చేశారు. పెట్టెల్లోంచి పట్టుచీరలు బయటికి వచ్చాయి, ఊరికి పోయినప్పుడు కట్టుకుందామని దాచుకున్నవి. నేను వద్దన్నాను. వాళ్ళు చూడడానికి వచ్చేది మన కష్టాన్ని, మన చీరల్ని కాదు అన్నాను. పెద్దమ్మ నా వైపు చూసిన చూపులో నేను ఏదో బూతు మాట్లాడినట్టు ఉంది.

"ఇంటికొచ్చినోళ్ళకు మన పేడకుప్పలు చూపిస్తామా పాపా? అడుక్కునేదానికి కూర్చోలేదు మనం. ఇయ్యమని అడిగినాం, అంతే గదా."

ఆమె కూర్చొనే ఓళిగలు చేసింది. బేడలు ఉడకేసి, రుబ్బి, పూర్ణం ఉండలు చుట్టి, ఒక్కొక్కటీ అరచేత్తో తట్టింది. గొట్టం పెట్టుకొని పొయ్యి దగ్గరికి పోకూడదని నర్సమ్మ ఎప్పుడో చెప్పింది కాబట్టి గొట్టం తీసేసింది. మధ్యమధ్యలో వచ్చి మిషను దగ్గర కూర్చొని, మళ్ళీ పోయింది. వచ్చేవాళ్ళ కారు కింద ఆగిందని కబురు రాగానే, ఆ మిషను మోత అసహ్యంగా ఉందని తనే స్విచ్చు ఆపి, మంచం కిందికి తోయించి, దుప్పటి కిందిదాకా వేలాడదీసింది. ఆ రోజు నర్సమ్మకు డ్యూటీ పడింది. ఆమె ఉండి ఉంటే ఆ దుప్పటి లాగి పారేసేది.

వచ్చినవాళ్ళు ముగ్గురు. నిధి వ్యవహారం చూసే కువైటీ అమ్మాయి, మెత్తటి గొంతు, కళ్ళలో నిజంగానే దయ ఉంది. ఆమెకు సాయంగా హిందీ మాట్లాడే ఒకాయన. కెమెరా పట్టుకున్న ఇంకొకాయన. అమ్మాయి చెప్పులు గుమ్మం బయట విప్పి వచ్చింది. ఆ ఒక్క పనితో అందరి మనసులూ కరిగిపోయాయి. అరువు సోఫాలో కూర్చోబెట్టి, అరువు ఏసీ గాలి ఆమె వైపు తిప్పి, ఓళిగ మీద నెయ్యి వేసి ఇచ్చారు. ఆమె ఒకటి తిని రెండోది అడిగింది. ఫోటోలు తీశారు. ఎంత శుభ్రంగా ఉంది, ఎంత ఐకమత్యంగా ఉన్నారు అంది. ఆ తర్వాత, మీరు రాసిన పెద్దావిడ ఎవరు అని అడిగింది.

పెద్దమ్మ గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నది లేచి నిలబడింది. రెండు చేతులూ ముందర కట్టుకుంది, పిలిచిన మామా ముందు నిలబడినట్టే. అమ్మాయి అరబ్బీలో, ఎంతో ప్రేమగా, ఆరోగ్యం ఎలా ఉంది అని అడిగింది.

"జేన్ మామా. అల్‌హమ్దులిల్లా. మాఫీ ముష్కిల్."

బాగున్నాను, ఏ ఇబ్బందీ లేదు. ఇళ్ళలో పనికొచ్చిన ఆడదానికి ఇక్కడ మొదట పట్టుబడే అరబ్బీ అదే. నీళ్ళు, అన్నం అనే మాటలకంటే ముందు అది నేర్చుకుంటాం. మామా ఎలా ఉన్నావని అడిగితే జవాబు ఒకటే. ఒంట్లో బాగాలేదన్న పనిమనిషిని తెచ్చిన ఆఫీసుకు తిప్పి పంపుతారు. జ్వరం ఉన్నా జేన్, చెయ్యి కాలినా జేన్, ఊళ్ళో మనిషి పోయినట్టు ఫోన్ వచ్చిన పొద్దున కూడా జేన్. పెద్దమ్మ ఆ జవాబు చెబుతూనే ముసలిదైంది. సోఫాలో కూర్చొని అరబ్బీలో అడిగే ప్రతి ఆడమనిషీ ఆమెకు మామానే.

హిందీ ఆయన నమ్మలేనట్టు, మరి ఆక్సిజన్ కావాలని రాశారే అన్నాడు. పెద్దమ్మ తల ఊపి, ఖలాస్, అంతా తగ్గిపోయింది అంది. అందరూ నా వైపు చూశారు. ఇంటికి వచ్చినవాళ్ళ ముందు పెద్దమనిషి మాటను అబద్ధమనలేక మిగతావాళ్ళు నవ్వుతూ నిలబడ్డారు. నేను కాదని చెప్పబోయాను, హిందీలో సగం వాక్యం చెప్పాను కూడా. పెద్దమ్మ నా మాట మీదుగా ఇంకో ఓళిగ తెమ్మని గట్టిగా కేకేసింది. అంత గట్టి కేక వేయగలిగిన మనిషికి ఊపిరి తక్కువని ఎవరు నమ్ముతారు. అమ్మాయి సంతోషించింది. పోయేటప్పుడు పెద్దమ్మ చెయ్యి పట్టుకొని, తలమీద ముద్దుపెట్టింది.

వాళ్ళు మెట్లు దిగేదాకా ఆమె నిలబడే ఉంది. ఆ తర్వాత మంచం మీద పడిపోయింది. దుప్పటి లాగి, మిషను బయటికి ఈడ్చి, ప్లగ్గు పెట్టి, గొట్టం ముక్కులో పెట్టేసరికి పెదవులు నల్లబడ్డాయి. చాలాసేపటికి మాట వచ్చింది. నేను ఆగలేకపోయాను. అంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు.

"యాందికట్ల చెప్పినావు పెద్దమ్మా? నీ కోసరమే గదా ఇదంతా."

"నోటికి అదే వచ్చింది పాపా. ఆ యమ్మ మామా మాదిరి కూర్చోనుండె. ఇంగోటి చెప్పేదానికి నాకు రాలేదు."

నర్సమ్మ వచ్చి విని, తల పట్టుకొని కూర్చుంది. ఆఫీసు తెరిచిన రోజు నిధివాళ్ళకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది, డాక్టరు కాగితాలు పంపుతానంది. అవతలివాళ్ళు ఎంతో మర్యాదగా, వచ్చి చూసిన దాన్నిబట్టే తీర్మానం ఉంటుందండి అన్నారట. ఒక మనిషి బాగున్నానని తన నోటితోనే చెప్పాక, బాగాలేదని ఇంకొకరు రాస్తే ఎలా నమ్ముతాం అన్నారట. వాళ్ళ మాటలో తప్పు వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే కాస్త బాగుండేది.

జవాబు మంచి మాటలతో వచ్చింది. మీ బృందం తన కాళ్ళ మీద తాను నిలబడి ఉన్నందుకు అభినందనలు. ఈసారికి అంతకంటే అవసరంలో ఉన్నవారికి ప్రాధాన్యం ఇస్తున్నాము. కొన్నాళ్ళకు మా కట్టడం ముందు హాలులో గోడకు బిగించిన పెద్ద తెర మీద మా ఫోటో వచ్చింది. పట్టుచీరలు, ఓళిగల పళ్ళెం, మధ్యలో చేతులు కట్టుకొని నవ్వుతున్న పెద్దమ్మ. కింద, మా పొరుగువారు అని రాసి ఉంది. రోజూ పొద్దున లాకర్లో ఫోను పెట్టబోయే ముందు దాని ముందు నుంచే నడవాలి. ఆ తెర మీద దుమ్ము తుడిచే పని కూడా మాదే.

జూలైలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, వస్తుందన్న టైముకు రాలేదు. రూములో ఉన్నవాళ్ళు అట్టముక్కలతో విసిరారు, తడిగుడ్డలు కప్పారు, అవేవీ ఆక్సిజన్ కావు. లిఫ్టు నడవదు. నర్సమ్మ డ్యూటీ నుంచి పరిగెత్తుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, హారిస్‌ను, అంటే మా బిల్డింగు కాపలాదారును సాయం పిలిచి మెట్ల మీదుగా దింపించింది. నేను బస్సు దిగి ఆసుపత్రికి పోయేసరికి ఆమె పడుకొని ఉంది. నా చెయ్యి పట్టుకొని చూసి, ఇంత చల్లగా ఉండాయే నీ చేతులు అంది. నేను నా చేతిని వెనక్కి లాక్కున్నాను.

ఆమె రూముకు తిరిగి వచ్చిన వారం సల్వా నుంచి చిన్న మామా ఫోన్ చేసింది. ఇంకో పాప పుట్టింది, చూసుకునే మనిషి కావాలి, బరువు పనులు వద్దులే, ఇంట్లోనే ఉండు చాలు. ఆ ఇంటికి జనరేటరు ఉంది. పనివాళ్ళ గదిలో కూడా ఏసీ ఉంది. నర్సమ్మ కాళ్ళావేళ్ళా పడింది. అక్కడికి పోతే పని చేయించకుండా ఉండరండి, ఈ ఊపిరితో పని చేస్తే మనిషి మిగలదండి అంది. పెద్దమ్మ అప్పటికే పెట్టె సర్దుకుంటోంది. నా వైపు చూసి, ఈడ ఉంటే గాలాడక పోతా, ఆడ ఉంటే పనిచేసి పోతా, ఆడ చల్లగన్నా ఉంటాదిలే పాపా అంది. కారు డ్రైవరు మిషను డిక్కీలో పెట్టాడు. నేను ముందు సీట్లో పెట్టమని తగువుపడ్డాను. ఆ రోజు నేను గెలిచిన తగువు అదొక్కటే.

ఇప్పుడు ఆమెకు శుక్రవారాలు లేవు. పసిపాపను వదిలి రాకూడదట. మొదట్లో ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపేది, అందరినీ పేరుపేరునా అడిగేది. రానురాను ఆ మాటలు పొట్టివయ్యాయి. మాటకూ మాటకూ మధ్య ఊపిరి ఎక్కువైంది. ఒకసారి మొత్తం ఊపిరే, మాట లేదు. నర్సమ్మ అది విని, చెవి దగ్గర ఫోన్ పెట్టుకొనే కళ్ళు మూసుకుంది. ఈ ఎండాకాలం దాటిస్తే అన్న మాట మాలో ఎవరూ ఇప్పుడు అనడం లేదు. ఎండాకాలం దాటిపోయింది కూడా.

పోయిన వారం నేనే ఫోన్ చేశాను. పాప నిద్రపోతోందట, మెట్ల మీద కూర్చొని మాట్లాడింది. ఇన్నేళ్ళైనా ఆమెది వంటింటి అరబ్బీయే. చిన్న మామా గబగబా, ఇంగ్లీషు కలిపి మాట్లాడుతుంది. మొన్నమొన్నటిదాకా ఆయాసం ఎక్కువైనప్పుడు పెద్దమ్మ మాఫీ మాలూమ్, తెలియలేదు అని నిలబడిపోయేదట. మామా విసుక్కొని, వచ్చి చేత్తో చూపించేలోపల ఆ కాస్త సందు దొరికేది, ఊపిరి తీసుకునేది. ఇప్పుడు మామా ఫోన్లోకి అరబ్బీలో మాట్లాడి ఆమె మొహం ముందు పెడుతుందట. ఫోను తెలుగులో చెబుతుందట, ఆడగొంతుతో. వంటగది తుడువు, పాలసీసాలు ఉడికించు, బట్టలు మడత పెట్టు, తర్వాత మేడ మీది గదులు.

"మంచి తెలుగే పాపా, తప్పు లేదు. తెలియలేదని చెప్పేదానికి లేదు ఇంగ." ఊపిరి తీసుకుంది. ఫోన్లో ఆక్సిజన్ మిషను మోత లేదని అప్పుడు గమనించాను. "ఆ ఫోన్లో మాట్లాడే యమ్మి ఉండేది నువ్వు పనిచేసే కాడనే గదా?"

ఆ గొంతును నడిపే మిషన్లు మా హాళ్ళలో ఉన్నాయో, ఇంకో దేశంలో ఉన్నాయో, నాకు తెలియదు. అయినా ఊఁ అన్నాను.

"అయితే ఆ యమ్మికి చెప్పు పాపా. ఒగ పని అయినంక ఇంగో పని చెప్పమను. అన్నీ ఒగేసారి చెప్తాండాది, నాకు ఊపిరి చాల్లేదు."

అట్లనే పెద్దమ్మా, చెప్తాలే అన్నాను.